బ్లాస్టింగ్‌కి ఇల్లు అదిరితే మిషన్‌లో ఎంత చూపించాలి?

ఓపెన్‌కాస్ట్ గని పక్క ఊళ్లో ఎవరినైనా అడగండి, బ్లాస్టింగ్ రెండుసార్లు తగులుతుందని చెప్తారు. ముందు కాళ్ల కింద గచ్చు జలదరించినట్టు అవుతుంది. ఒక్క క్షణం ఆగి కిటికీ అద్దాలు, అల్మరాలో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. రెండుసార్లు పేల్చారని చాలామంది అనుకుంటారు కానీ పేల్చింది ఒక్కసారే. రాతిలో అదురు సెకనుకు రెండు మూడు కిలోమీటర్లు పోతుంది, గట్టి రాయి అయితే ఇంకా వేగంగా. గాలిలో మోత మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్లే. గనికి 700 మీటర్ల దూరంలో ఇల్లుంటే నేల అదురు అర సెకను లోపే వచ్చేస్తుంది, గాలిలో వచ్చేదానికి రెండు సెకన్లు పడుతుంది. అంటే ఒకే పేలుడు ఇంటిని రెండు దారుల్లో తాకుతోంది. వీటిని కొలిచే పద్ధతి వేరు, తగ్గించే పద్ధతి వేరు. ఈ తేడా తెలియకపోతే ఫిర్యాదూ గురి తప్పుతుంది, దానికి వచ్చే జవాబూ గురి తప్పుతుంది.

సత్తుపల్లి, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి వైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నాయి. తాండూరు, యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనులు ఉన్నాయి. బ్లాస్టింగ్ జరిగే చోట్ల గొడవ దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది. ఇళ్లకు నెర్రెలు వస్తున్నాయని ఊరివాళ్లు అంటారు, అదురు కొలిచే మిషన్ రీడింగ్ లిమిట్ లోపలే ఉందని మేనేజ్‌మెంట్ అంటుంది. వింతేమిటంటే ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. మనిషి ఒళ్లు చాలా సున్నితమైన మిషన్. సెకనుకు అర మిల్లీమీటరు వేగంతో నేల కదిలినా, ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చున్న మనిషికి తెలిసిపోతుంది. మామూలు ఇళ్లకు మన దేశంలో పెట్టిన హద్దులు చూస్తే అన్నిటికన్నా గట్టిది సెకనుకు 5 మిల్లీమీటర్లు. తెలియడానికీ హద్దు దాటడానికీ మధ్య పదింతల ఎడం ఉంది. గొడవంతా ఆ ఎడంలోనే నలుగుతోంది.

ఇంతకీ ఆ అంకె దేన్ని చెప్తుంది? దాన్ని పీపీవీ అంటారు, పీక్ పార్టికల్ వెలాసిటీ. అలలు వస్తే చెరువులో బెండు పైకీ కిందికీ ఊగుతుంది కదా, అల ఒడ్డుకు ఎంత వేగంగా వస్తోందన్నది ఒక లెక్క, బెండు ఉన్నచోటే ఎంత వేగంగా ఊగుతోందన్నది ఇంకో లెక్క. పీపీవీ ఈ రెండోది. ఇంటి పునాది దగ్గర మట్టి రేణువు ఉన్నచోటే ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ ఊగినప్పుడు అందుకున్న అత్యధిక వేగం అన్నమాట. దాన్ని సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని రాస్తారు. గోడలో పుట్టే సాగుడు, నలుగుడు ఈ వేగంతో పాటే పెరుగుతాయి కాబట్టి నష్టానికి దీన్ని కొలమానంగా ఎంచుకున్నారు.

గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997లో ఏడో నంబరు సాంకేతిక సర్క్యులర్ ఇచ్చింది. ఈ రోజుకీ అందరూ చూపించే అంకెలు దాంట్లోవే. కంపెనీవి కాని మామూలు ఇళ్లకు, అంటే మట్టి ఇళ్లయినా ఇటుక సిమెంటు ఇళ్లయినా, అదురు ఫ్రీక్వెన్సీ (నేల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందన్న లెక్క) 8 హెర్ట్జ్‌ల కంటే తక్కువైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, 8 నుంచి 25 మధ్య ఉంటే 10, 25 దాటితే 15. పాత గుళ్లు, కోటల్లాంటి చారిత్రక కట్టడాలకు, సున్నితమైన నిర్మాణాలకు ఇవే వరుసలో 2, 5, 10. కొన్నాళ్లు నిలిస్తే చాలనుకునే కంపెనీ సొంత ఇళ్లకు 10, 15, 25. అంటే ఒకే రకం ఇటుక గోడ, ఊళ్లో ఉంటే 5, కంపెనీ క్వార్టర్‌లో ఉంటే 10. కట్టడం కోణంలో దీనికి కారణం ఉంది, పాడైతే బాగు చేసుకోవాల్సింది ఓనరే, పైగా గని మూసేశాక ఆ ఇల్లు అక్కర్లేదు. కానీ ఆ క్వార్టర్‌లో కాపురం ఉండేది కార్మికుడి కుటుంబం, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు నిద్రపోయే మనిషి. ఆ ఇంటికి ఇంకాస్త దయగా ఉండే హద్దు పెట్టొచ్చు.

ఈ సర్క్యులర్‌లో అందరూ 5, 10, 15 అని అంకెల దగ్గర ఆగిపోతారు కానీ అసలు విషయం ఫ్రీక్వెన్సీలో ఉంది. అదురు వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లే అనుకుందాం. ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్‌లైతే నేల కదిలేది మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతే. అదే వేగం, ఫ్రీక్వెన్సీ 5 హెర్ట్జ్‌లైతే కదలిక 0.16 మిల్లీమీటర్లు. కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు కాబట్టి ఒకటిన్నర కాగితాల మందం అన్నమాట. కంటికి ఆనదు, కానీ ముందుదానికి ఆరింతలు. పైగా ఒకటి రెండంతస్తుల ఇళ్లు సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ సుమారు 4 నుంచి 12 హెర్ట్జ్‌ల మధ్యే ఉంటుంది. ఉయ్యాల ఊపేటప్పుడు సరైన అదనులో తోస్తే కొద్దిపాటి బలానికే ఎత్తుకు పోతుంది చూడండి, తక్కువ ఫ్రీక్వెన్సీ అదురు ఇంటికి అదే పని చేస్తుంది. నేల కదిలినదానికంటే పైకప్పు ఎక్కువ ఊగుతుంది. దూరం పెరిగేకొద్దీ చురుకైన ఫ్రీక్వెన్సీలు రాతిలోనే అరిగిపోతాయి, మందకొడివి మిగిలి వస్తాయి. కిలోమీటరు అవతల ఉన్నవాళ్లు "మాకు ఇల్లు ఊగినట్టుంది" అనడానికి కారణం అదే, వాళ్లు ఎక్కువ చేసి చెప్పడం లేదు. కాబట్టి ఫ్రీక్వెన్సీ రాయకుండా పీపీవీ ఒక్కటే రాసిన రిపోర్టు సగం రిపోర్టే. 6 మిల్లీమీటర్లు అని ఉంటే అది హద్దు లోపలో బయటో ఫ్రీక్వెన్సీ తెలియకుండా చెప్పలేం.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పుకోవాలి. మన హద్దులు ఇల్లు దెబ్బతినకుండా పెట్టినవి, మనుషులు ప్రశాంతంగా ఉండటానికి పెట్టినవి కావు. ఆస్ట్రేలియాలో 1990 నాటి మార్గదర్శకాలు రెండో దారి పట్టాయి. ఏడాదిలో జరిగే బ్లాస్టుల్లో 95 శాతం ఇళ్ల దగ్గర 5 మిల్లీమీటర్లు దాటకూడదు, ఏ ఒక్కటీ 10 దాటకూడదు. గాలి మోతకు కూడా అలాగే 115 డెసిబెల్స్, ఎట్టి పరిస్థితుల్లోనూ 120 దాటకూడదు. అవి మనుషుల ఇబ్బందిని లెక్కలోకి తీసుకుని పెట్టిన అంకెలు. మన దగ్గర "లిమిట్ లోపలే ఉంది" అంటే గోడ పడదు అని మాత్రమే అర్థం. నిద్రలో ఉన్న పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తే ఆ లిమిట్‌కి సంబంధం లేదు. ఫిర్యాదు చేసేవాళ్లకు "మీకు తెలుస్తోంది కానీ నష్టం లేదు" అని విడమర్చి చెప్పడం ఒక ఎత్తు, "ఏమీ లేదు" అని పంపేయడం ఇంకో ఎత్తు. రెండోది విన్నాక జనం ఆ తర్వాత ఏ అంకె చూపించినా నమ్మరు.

ఇక మిషన్ సంగతి. సీస్మోగ్రాఫ్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి వైరుతో అరచేతిలో పట్టే ఒక దిమ్మ ఉంటుంది, అది జియోఫోన్. ఇంకో వైరుకి మైక్. జియోఫోన్‌ని గనివైపు ఉన్న గోడ పక్కన, పునాదికి దగ్గరగా, మూడు మీటర్ల లోపే పెట్టాలి. పైన వదులు మట్టి గీకేసి గట్టి నేల తగిలేదాకా తవ్వి, దిమ్మ అడుగున ఉన్న మూడు మేకులూ పూర్తిగా దిగేలా నొక్కి, లెవెల్ చూపే బుడగ మధ్యలోకి వచ్చేలా సమం చేసి, పైన ఉన్న బాణం గుర్తు బ్లాస్ట్ వైపు చూసేలా తిప్పాలి. మట్టి తిరిగి కప్పి అదిమితే ఇంకా మంచిది, కనీసం ఇసుక సంచి పెట్టాలి. మైక్‌కి స్పాంజి తొడుగు ఉండాలి, లేకపోతే గాలి వీచినా బ్లాస్టు మోతలా రాసుకుంటుంది. ఇంత చేసి, సైరన్ మోగాక మిషన్ దగ్గర ఎవరూ అటూ ఇటూ నడవకుండా చూడాలి, ఎందుకంటే పక్కన మనిషి అడుగు వేసినా అది అదురే.

ఇవన్నీ చిన్న విషయాల్లా ఉంటాయి కానీ రీడింగ్ మొత్తం వీటి మీదే నిలబడుతుంది. గచ్చు మీద ఊరికే ఉంచిన జియోఫోన్ గట్టి అదురుకి జారుతుంది, అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. వదులు మట్టిలో గుచ్చితే మట్టి సొంత ఊగుడు కలుస్తుంది. ఇంటికి యాభై మీటర్ల ముందే రోడ్డు మీద పెడితే అది రోడ్డు రీడింగ్ తప్ప ఇంటి రీడింగ్ కాదు. అన్నిటికంటే తప్పుదారి పట్టించేది ట్రిగ్గర్. మిషన్ అన్ని వేళలా రికార్డు చేయదు, పెట్టిన స్థాయి దాటితేనే లేస్తుంది. ట్రిగ్గర్ 3 మిల్లీమీటర్ల దగ్గర పెట్టారనుకోండి, 2.8 వచ్చిన బ్లాస్టు అసలు నమోదే కాదు. రిజిస్టర్‌లో "నో ఈవెంట్" అని రాస్తారు, చదివేవాళ్లు అదురు సున్నా అనుకుంటారు. ఊరు మొత్తం ఊగిందంటుంటే మిషన్ ఏమీ చూపించలేదంటే ముందు అడగాల్సింది ట్రిగ్గర్ ఎంతలో పెట్టారని. అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు దగ్గర పెట్టుకోవడం కష్టమేమీ కాదు.

గని ముందుకు జరుగుతుంది, మిషన్ జరగదు. ఇది చాలాచోట్ల కనిపించే పొరపాటు. మొదట్లో ఏ ఇల్లు దగ్గరుందో అక్కడ ఒక పాయింట్ పెడతారు, తర్వాత ఏళ్ల తరబడి అదే పాయింట్‌లో రీడింగులు తీస్తూ పోతారు. ఈలోగా క్వారీ ఇంకో పక్కకు పెరిగి ఇంకో వీధికి దగ్గరవుతుంది. ఆ రోజు ఏ బెంచీలో (గనిలో మెట్లలా తవ్విన వాటిలో ఏ మెట్టులో) పేలుస్తున్నారో దానికి దగ్గర ఇల్లు ఏదో చూసి అక్కడ పెట్టాలి. ఒకటి పర్మనెంట్‌గా ఉంచి ఇంకోటి తిప్పుతూ ఉంటే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు మందుగుండు దగ్గరికి వద్దాం, ఎందుకంటే అదురు పుట్టేది అక్కడే. "ఈ రోజు పది టన్నులు పేల్చారట" అని ఊళ్లో చెప్పుకుంటారు. బొగ్గు కంటే దాని మీదున్న రాయి పేల్చడానికే ఎక్కువ మందు పడుతుంది కాబట్టి టన్నుల లెక్క పెద్దగానే ఉంటుంది. కానీ ఇంటిని ఊపేది మొత్తం టన్నులు కాదు, ఒకేసారి పేలే మందు. రాతిలో తొలిచి మందు నింపిన హోల్స్‌ని ఒకదాని తర్వాత ఒకటి మిల్లీసెకన్ల తేడాతో పేలుస్తారు. 8 మిల్లీసెకన్ల లోపు పేలినవన్నీ కలిపి ఒకే దెబ్బగా లెక్కేయడం రివాజు, ఆ గుంపులో ఉన్న మందునే ఒక డిలేకి పడే మందు అంటారు. వంద హోల్స్‌లో తలా వంద కిలోలు పెట్టి, ఒక్కోటి విడివిడిగా పేలితే మొత్తం పది టన్నులైనా ఇంటికి తగిలేది వంద కిలోల దెబ్బే, అది వందసార్లు వరసగా వస్తుంది.

దూరానికీ మందుకీ ఉన్న లెక్క సులువుగానే ఉంటుంది. దూరాన్ని మందు వర్గమూలంతో భాగిస్తే వచ్చేదాన్ని స్కేల్డ్ డిస్టెన్స్ అంటారు. 500 మీటర్ల దూరం, డిలేకి 100 కిలోలు అయితే 50. డిలేకి 400 కిలోలు చేస్తే అదే దూరానికి 25. ఇల్లు 250 మీటర్లకు దగ్గరై మందు 100 కిలోలే ఉన్నా మళ్లీ 25. అంటే మందు నాలుగింతలు చేయడం, ఇల్లు సగం దూరానికి జరిపి పెట్టడం రెండూ ఒకటే. దీన్నుంచి పీపీవీ తేల్చాలంటే ఆ నేలకు సంబంధించిన రెండు స్థిరాంకాలు కావాలి, అవి ఒక్కో గనికీ వేరు, ఒకే గనిలో ఉత్తరం వైపుకీ దక్షిణం వైపుకీ కూడా వేరుగా ఉండొచ్చు. ఊరికే లెక్క కోసం 500, 1.5 అనుకుని, 500ని స్కేల్డ్ డిస్టెన్స్ 1.5వ ఘాతంతో భాగిస్తే, స్కేల్డ్ డిస్టెన్స్ 50 దగ్గర అదురు 1.4 మిల్లీమీటర్లు వస్తుంది, 25 దగ్గర సరిగ్గా 4. దాదాపు మూడింతలు.

ఆ స్థిరాంకాలు తేల్చడానికే ధన్‌బాద్‌లోని సీఐఎంఎఫ్‌ఆర్ లాంటి గనుల పరిశోధన సంస్థలు వచ్చి చాలా బ్లాస్టుల్లో చాలాచోట్ల రీడింగులు తీసి గ్రాఫ్ గీస్తాయి. చుక్కలన్నీ చెల్లాచెదురుగా ఉంటాయి, మధ్యలోంచి సగటు గీత ఒకటి వస్తుంది. సగటు గీత ప్రకారం మందు లెక్కేస్తే సుమారు సగం బ్లాస్టులు అనుకున్నదానికంటే ఎక్కువే ఊపుతాయి, సగటు అంటేనే అది కదా. అందుకే నూటికి 95 చుక్కలు కింద ఉండేలా పైన ఇంకో గీత గీసి, దాని ప్రకారం డిలేకి పడే మందు తేల్చాలి. రిపోర్టులో రెండు గీతలూ ఉంటాయి. ఫీల్డులో ఏది వాడుతున్నారన్నది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.

కాగితం మీద డిలే వేరు, రాతిలో డిలే వేరు. హోల్‌లో మందుని పేల్చే మామూలు నానెల్ డిటోనేటర్ లోపల మందు కాలడం మీద టైమ్ ఆధారపడుతుంది. 450 మిల్లీసెకన్ల డిలేలో రెండు శాతం తేడా వచ్చినా 9 మిల్లీసెకన్లు అటో ఇటో అయిపోతుంది. ఒకటి ఆలస్యంగా, దాని వెనకది ముందుగా పేలితే, 17 మిల్లీసెకన్ల ఎడం పెట్టిన రెండు హోల్స్ ఒకేసారి పేలినట్టే. డిలేకి వంద కిలోలు అనుకున్నది ఆ క్షణంలో రెండొందలు. ఎలక్ట్రానిక్ డిటోనేటర్‌లో చిప్ ఉంటుంది, తేడా చాలా స్వల్పం. ఖర్చు ఎక్కువే, అయినా ఊరికి దగ్గరగా ఉన్న బెంచీల్లో అయినా అవి వాడాలని అడగడం న్యాయమైన కోరిక.

గాలి మోత విషయంలో జనం ఎక్కువగా మోసపోయేది ఫోన్‌తో. సౌండ్ మీటర్ యాప్ పెట్టి కొలిచి "85 వచ్చింది" అని చూపిస్తారు. మనిషి చెవి లాగా వినేలా చేసిన మీటర్ అది, మందకొడి ఫ్రీక్వెన్సీలను తీసిపారేస్తుంది. బ్లాస్టు గాలి తరంగంలో బలమంతా 20 హెర్ట్జ్‌ల కింద, చెవికి వినిపించని చోటే ఉంటుంది. తలుపులు కొట్టుకునేది, అద్దాలు గలగలమనేది దానికే. కాబట్టి దాన్ని అలా తీసిపారేయని లీనియర్ మైక్‌తోనే, 2 హెర్ట్జ్‌ల నుంచి పట్టుకునే మైక్‌తోనే కొలవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్ అని ఉన్నది సగటు మోతకు, ఒక్క క్షణం వచ్చే బ్లాస్టుకు దాన్ని పక్కన పెట్టి పోల్చడం కుదరదు. అమెరికాలో బొగ్గు గనులకు ఈ రకం మైక్‌తో ఇళ్ల దగ్గర 133 డెసిబెల్స్ హద్దు. డెసిబెల్స్ లెక్కలో ఆరు పెరిగితే ఒత్తిడి రెట్టింపు, ఇరవై పెరిగితే పదింతలు. 115 నుంచి 121కి వెళ్లడం చిన్న మార్పు కాదు.

మోత పెరగడానికి కారణాలు చాలావరకు చేతిలో ఉన్నవే. 150 మిల్లీమీటర్ల హోల్‌కి పైన మూడు, నాలుగు మీటర్లు స్టెమ్మింగ్ (మందు మీద హోల్ మూసే పూడిక) గట్టిగా కూరాలి. తొందరలో అది తగ్గితే మందు బలం రాయి పగలగొట్టకుండా పైకి తన్నేస్తుంది, మోతా వస్తుంది, రాళ్లూ ఎగురుతాయి. పెద్ద బండలు మిగిలితే వాటి మీద మందు పెట్టి మట్టి కప్పి పేల్చడం ఇంకా ఘోరమైన మోత, నేల అదురు మాత్రం పెద్దగా ఉండదు. రాక్ బ్రేకర్‌తో కొట్టిస్తే ఆ బాధే లేదు. చేతిలో లేనిది వాతావరణం. చలికాలం పొద్దున్నే నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చగాలి ఉన్నప్పుడు మోత పైకి పోకుండా వంగి మళ్లీ కిందికే దిగుతుంది. అందుకే ఎండ బాగా ఎక్కాక, మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ పెట్టుకోవడం ఊరికీ మంచిది. మబ్బు పట్టి, గాలి ఊరివైపు వీస్తున్న రోజు కాసేపు ఆగితే పోయేదేమీ లేదు.

చివరికి గోడ దగ్గరికి రావాలి, ఎందుకంటే మనిషికి కావాల్సిన జవాబు అక్కడుంది. నెర్రెలన్నీ బ్లాస్టింగ్ వల్లే రావు, ఇది చెప్పడం కష్టంగా ఉన్నా నిజం. నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, పైపైన పునాది వేసిన ఇంటికి ఆ కదలికే మిల్లీమీటర్లలో ఉంటుంది. వేసవి ఎండకు స్లాబు సాగి గోడపైన అడ్డంగా బీట వస్తుంది. గనికి పది మైళ్ల దూరంలోనూ ఇలాంటి ఇళ్లు ఉన్నాయి. కానీ అదే మాటను అడ్డం పెట్టుకుని ప్రతి ఫిర్యాదునూ కొట్టేయడం తప్పు, ఎందుకంటే ఇప్పటికే బిగుసుకుని పగలడానికి సిద్ధంగా ఉన్న గోడకు ఆఖరి తోపు అదురే కావొచ్చు, ఉన్న నెర్రె దానివల్ల సాగొచ్చు. తేల్చడానికి ఒక్కటే దారి. బ్లాస్టింగ్ మొదలు కాకముందు ఆ గోడ ఎలా ఉందో రికార్డు ఉండాలి. అమెరికా నిబంధనల్లో బొగ్గు గనివాళ్లు బ్లాస్టింగ్‌కి నెల ముందే, అర మైలు లోపు, అంటే 800 మీటర్ల లోపు ఇళ్లవాళ్లందరికీ తెలియజేయాలి, ఎవరు అడిగితే వాళ్ల ఇల్లు సర్వే చేసి రిపోర్టు కాపీ చేతికివ్వాలి. మన ఊళ్లలో గొడవ ముదిరాక ఇంజినీర్లు వచ్చి నెర్రె చూసి "పాతదే" అంటారు. ముందు ఫొటో లేకుండా పాతదో కొత్తదో ఎవరు మాత్రం ఎలా చెప్పగలరు?

సర్వే వచ్చేదాకా ఆగక్కర్లేదు. నెర్రె ఎక్కడ ఆగిందో ఆ కొస దగ్గర పెన్సిల్‌తో అడ్డంగా సన్నని గీత గీసి పక్కన తేదీ రాయండి. వెడల్పు దగ్గర స్కేలు ఆనించి ఫొటో తీయండి. నెలకోసారి, ముఖ్యంగా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అదే చోట మళ్లీ తీయండి. వాన కాలంలో మూసుకుని ఎండలకు తెరుచుకుంటే నేల వల్ల వచ్చిందని అర్థం చేసుకోవచ్చు. గీత దాటి ముందుకే పాకుతూ, క్వారీ దగ్గరపడుతున్న నెలల్లోనే పాకుతూ ఉంటే ఆ తేదీలను బ్లాస్టింగ్ రిజిస్టర్ పక్కన పెట్టి చూడాలి.

ఆ వివరాలు అడిగే హక్కు ఉంది. పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రతి గనీ 2006 నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు రిపోర్టు ఇవ్వాలి, అవి జనం చూడదగ్గ పత్రాలు. సింగరేణి లాంటి ప్రభుత్వ సంస్థలకైతే సమాచార హక్కు చట్టం కింద నేరుగా దరఖాస్తు పెట్టొచ్చు. "వైబ్రేషన్ రిపోర్టు ఇవ్వండి" అని అడిగితే ఒక వరస అంకెలు వస్తాయి, వాటితో ఏమీ తేలదు. తేదీ, టైము, ఏ బెంచీ, మొత్తం మందు, డిలేకి పడ్డ మందు, మిషన్ ఎవరింటి దగ్గర పెట్టారు, బ్లాస్టు నుంచి ఎన్ని మీటర్లు, మూడు దిక్కుల్లో పీపీవీ, ఫ్రీక్వెన్సీ, గాలి మోత, ట్రిగ్గర్ స్థాయి, మిషన్‌కి చివరిసారి కాలిబ్రేషన్ (సరిగా చూపిస్తోందా అన్న పరీక్ష) ఎప్పుడు చేయించారు, ఇవన్నీ పేరుపేరునా రాసి అడగాలి. ఆ పట్టికలో దూరం గడి నెలలు గడిచినా మారకుండా ఉంటే, క్వారీ కదిలినా లెక్క కదల్లేదని అక్కడే దొరికిపోతుంది.